సోలకు సోలన్నర

వెలిగండ్ల దాటాక తారురోడ్డు అలిసిపోయి
ఎర్రమట్టిలో పడుకుంటుంది.
అక్కడ బండి దిగాను,
పదకొండు పేజీల దరఖాస్తు సంచిలో పెట్టుకుని.

మాలకొండమ్మ పంచలో చింతపిక్కలు కొడుతోంది.
కనిగిరి నీళ్లు వంచిన మోకాళ్లు,
వాటి మధ్య రాయి.

"రకం పేరు?"
"మాకు గువ్వకన్ను వరిగ.
పామూరు తట్టు చుక్కవరిగంటారు.
మా అత్త ఆకలిమందనేది."
గడి ఒక్కటే ఉంది.
గువ్వకన్ను అని రాసి
మిగతా రెండు పేర్లూ అంచున పెట్టాను,
పెన్సిల్‌తో, ఎవరూ చదవనంత సన్నగా.

"పంటకాలం, రోజుల్లో?"
"ఆరుద్రలో చల్లితే మఖలో కోత.
నడాన వాన ఎగ్గొడితే
మొండికేసి కూచుంటది, చావదు.
ఒక్క చినుకు పడనీ,
యాడ ఆపిందో ఆడనుంచే ఎత్తుకుంటది."
డెబ్బై అని రాశాను.
మొండితనానికి గడి లేదు.

"వేరే రకాలకూ దీనికీ తేడా?"
"మిడతలు వాటిమీద వాలతాయి,
దీన్ని చూసి పోతాయి.
ఎందుకో వాటినే అడుగు."

"మొక్క ఎత్తు?"
లేచి నిలబడి, నడుముకు కాస్త కింద
అరచెయ్యి గాలిలో పరిచింది.
ఆ చేతికీ నేలకీ మధ్య ఖాళీని
టేపు పట్టి కొలిచాను.
ఎనభై ఒకటి.

"గింజ రంగు?"
దీనికి మాత్రం చాలాసేపు ఆలోచించింది.
"ఎండలో ఒకటి, ఇంట్లో ఒకటి.
చేటలో పోస్తా, నువ్వే చూసి రాసుకో."

దరఖాస్తుదారు దగ్గర పెన్ను ఆగింది.
నీ పేరే కదా, అన్నాను.
"నాదెందుకబ్బయ్యా?
మన్నేట్లో ఇసక తప్ప ఏం లేని కరువులో
మా అత్త చెల్లెలు అచ్చమ్మ
రెండు దినాలు పస్తుండి కూడా ముట్టని గింజలివి.
ఆమె పేరు రాయి."
పోయినవాళ్ల పేరు పనికిరాదన్నాను.
ఆధార్ కావాలన్నాను.
"ఇత్తనానికి లేని చావు ఆమెకెట్టా వచ్చిందబ్బా,"
అని నవ్విందో, మరేమైనా చేసిందో.
నేను తల వంచుకుని గడి నింపుతున్నాను.

చివరి పేజీ నమూనాది.
కొంత విత్తనం ఢిల్లీకి పంపాలి,
చల్లటి గదిలో ఏళ్ల తరబడి దాస్తారు,
రేపెవరైనా ఇది మాదే అని వస్తే
నీ పేరు అడ్డం నిలబడుతుంది,
ఇలా ఏమేమో చెప్పాను.

అటక మీది సొరబుర్ర దించింది.
మూతికి మెత్తిన పేడ పగలగొట్టి
వేపాకు తీసి, బూడిద ఊది
సోల నిండా కొలిచింది. మళ్లీ ఒకటి. మళ్లీ.
కొలిచేకొద్దీ బుర్ర చప్పుడు మారింది.
చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకుంది,
వచ్చే ఆరుద్రకు ఎంత మిగిలిందో.

"ఊరికే కాదు, నాగుకిస్తుండా.
సోలకు సోలన్నర.
ఢిల్లీ అయితేనేం. రాసుకో."
అట్లాంటి గడీ లేదు.

పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి
తలుపు పక్క గోడమీద
ఎన్ని సోలలో అన్ని గీతలు గీసింది.
ఆ గోడంతా గీతలే,
తీరినవి అడ్డంగా కొట్టేసి,
తీరనివి ఒంటరిగా.

"ఇవి ఢిల్లీవి."
వేలు కిందికి జారి
వెలిసిపోయిన ఒక పాత గీత దగ్గర ఆగింది.
"ఇది నీది."

ఎనిమిదేళ్ల కిందట
ఇదే బండి మీద, కంపెనీ టోపీతో వచ్చి
కంది ప్యాకెట్లు అమ్మింది నేనే.
ఎకరాకు పది బస్తాలన్నాను.
పూత నిలవలేదు.
నేనూ ఈ దారిన రాలేదు.
గుర్తుపట్టదనుకున్నాను.

గింజలు సంచిలోకి వంచుతుంటే
"ఆగు," అంది.
సోల అంచుకు అంటుకున్న రెండింటిని
వేలితో తుడిచి లోపలేసింది.
"ఇప్పుడు కట్టు మూతి."