పరకాల రోడ్డు మీద, ఒంటిగంట

గూడెప్పాడ్ దాటినంక రెండుసార్లు దగ్గి
ఆగింది ఫియట్.
తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతది,
ఇంజన్ పలుకుతలేదు.

ప్లగ్గు ఊడదీసిన. నిప్పు నీలంగనే ఉన్నది.
ట్యాంకు మూతకాడ చెవి పెట్టి
బండిని ఊపిన. పెట్రోలు చప్పుడైంది.
కార్బురేటర్ గొంతులనే తడి లేదు.

మొగిలికి ఫోన్ చేసిన.
ఎనుమాముల మార్కెట్ల, మిర్చి బస్తాల నడుమ ఉన్నట్టున్నడు,
తుమ్మి, మళ్ల తుమ్మి, అన్నడు:
"ఖరాబేం కాలే సారూ,
ఎండకు పైపులనే పెట్రోలు ఆవిరైంది.
పంపు మీద తడిబట్ట వెయ్యి.
బీడీ తాగేంతసేపు దాని జోలికి పోకు.
బీడీ మాత్రం దూరం పోయి తాగు."

తువ్వాల తడిపిన.
తాగ తెచ్చుకున్న సీసా మొత్తం దానికే ఒంపిన.

కంకర కుప్ప మీద కూసున్న.
ఇప్పుడు ఎండింది నా గొంతు.
బానెట్ కింద చుక్క, చుక్క.

ముప్పై ఏండ్లల్ల దాన్ని తిట్టకుంట
ఎదురుంగ కూసున్నది ఇదే మొదలు.

బీడీసేపు ఎప్పుడో అయిపోయింది.
తాళం చేతులనే ఉన్నది.