రేకుపిట్ట

ఫోను తెచ్చి బల్ల మీద పెట్టాడు.
క్వారీ గోతి నీళ్ళు ఇంకా కారుతున్నాయి దాని చెవుల్లోంచి.
"వలీ అన్నా, ఫోను పోతే పోయిందిలే,
లోపల నా రేకుపిట్ట ఉండాది. దాన్ని తియ్యి."

ఏలీషాకు పదకొండేళ్ళు.
వాళ్ళ నాన్నకు వైరు రంపం దగ్గర పని.
చీమకుర్తిలో అందరి కనుబొమల మీదా ఒకటే బూడిద,
వీడి కనుబొమలకు కాస్త ముందే పట్టింది.

స్క్రూలు విప్పాను. బోర్డంతా పచ్చటి చిలుము.
స్పిరిటుతో తుడిచి, బ్రష్షుతో రుద్ది, వేడిగాలి పట్టాను.
వాడు స్టూలు మీద కూచుని
డాక్టరుకు రోగి సంగతులు చెప్పినట్టు చెబుతూనే ఉన్నాడు.

దాని ముక్కు డ్రిల్లు బిట్టంట.
కళ్ళు రెండు ఎర్రలైట్లు, కోపమొస్తే ఒకటే వెలుగుద్దంట.
ఎగిరేప్పుడు రెక్కల చప్పుడుండదు,
చైను జారిన సైకిలు మాదిరి కిర్రుమంటదంట.
గింజలు తినదు. బోల్టులు తింటది, మేకులు తింటది.
రామతీర్థం రిజర్వాయరు కట్ట మీద
సిగ్నలు రెండు గీతలు వచ్చే ఒక్క చోట
మూడు సాయంత్రాలు కాపు కాసి పట్టాడంట.
వల తగిలి ఎడమ రెక్క మీద గీత పడిందంట.
"ఆటలో అట్టాంటివి ఉండవు రా" అన్నాను.
"నాదానికుంది" అన్నాడు.

మెయిలు లేదు, నంబరు లేదు,
గెస్టుగానే ఆడాడు ఇన్నాళ్ళూ.
ఏ దేశంలోనో, ఏ చల్లటి గదిలోనో
యజమాని పేరు లేని గూట్లో
అది ఉండే ఉంటుంది. పిలవడానికే దారి లేదు.
ఆ మాట నోటిదాకా వచ్చి
"వారమాగి రా" అయింది.
రిపేరు షాపులన్నీ చెప్పే అబద్ధమే.

ఆ రాత్రి షట్టరు దించి
ఆటను నా ఫోన్లోకి దించుకున్నాను.
బస్టాండులో నిప్పు ఎలుకలు,
పెట్రోలు బంకులో బుడగ కప్పలు,
మా ఇంటి వెనక రెండు తలల తేలు.
కర్నూలు రోడ్డంతా నడిచాను, రాళ్ళ లారీలకు పక్కకు తప్పుకుంటూ.
"నలభై రెండేళ్ళకా మీకీ పిచ్చి" అంది హాజిరా,
అని, చార్జరు చేతికిచ్చింది.

పదమూడో రాత్రి
పాలిషింగు యూనిట్ల అవతల, పనికిరాని రాళ్ళ గుట్ట దగ్గర
తెరలో అది కనపడింది.
అంత ఎత్తు నల్లబండ మీద ఒంటికాలి మీద నిలబడి ఉంది.
లారీ మలుపు తిరిగింది. లైటు పడి
బండ లోపలి బంగారు చుక్కలన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచాయి.
ఏది రాయి, ఏది ఆట, ఏది ఆకాశం,
నాకు కాసేపు తెలియలేదు.
మూడో వలకు చిక్కింది.
నా చెయ్యి మాత్రం తెల్లారిందాకా వణికింది.

ఏలీషా చాలాసేపు చూశాడు.
వేళ్ళతో పెద్దది చేసి, తిప్పి తిప్పి చూశాడు.
"ఇది కాదన్నా."
"అదే ముక్కు. అవే లైట్లు."
"గీత లేదుగా."
తర్వాత, నన్ను తప్పుబట్టినట్టు,
"ఏం పెట్టావు దీనికి? ఆకలిమీదుండాది చూడు."
బోల్టుల సంచి ఎక్కడుందో నాకు చూపించాడు.
ఒక్కోటీ ఎట్టా వెయ్యాలో చూపించాడు.
"పట్టినోడిదే పిట్ట. నువ్వే పెంచుకో."

"మరి నీది?"
గడప దాటబోతూ ఆగాడు.
"యాడో ఉంటదిలే.
నీళ్ళంటే బయ్యం దానికి, అదొక్కటే."

ఇప్పుడు రోజూ మధ్యాన్నం అన్నానికి ముందు
బోల్టులు వేస్తున్నాను. పేరింకా పెట్టలేదు.

బియ్యంలో పెడితే తడిసిన ఫోను బతకదని
పదహారేళ్ళుగా ఊరందరికీ చెప్పినవాణ్ణి.
వాడి బోర్డును పారెయ్యబుద్ధి కాక
పాత హార్లిక్సు సీసాలో బియ్యం పోసి
అందులో కప్పి ఉంచాను,
అది గింజలు తినదని తెలిసే.