బియ్యం డబ్బాలో మూడు రోజులు

ఆశ్వయుజం, ఆదివారం. వాన వెళ్ళిపోయిందో
మళ్ళీ తిరిగొస్తుందో ఇంకా తేల్చుకోని ఆకాశం.
ఈ నెలలో విశాఖలో ఎవరూ
పొద్దున్నే కిటికీ తీసి ఎంత బాగుందో అనరు.
సముద్రం వైపు ఒకసారి చూసి
ప్రస్తుతానికి ఏమీ లేదు, అంటారు.

ప్రస్తుతానికి ఏమీ లేదు గనక
మాధవధార మెట్ల దగ్గర ఆరింటికి కలిశాం.
భానోజీ చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం,
హైమవతి సంచిలో నిమ్మకాయ పులిహోర,
నా ముక్కులో ఇరవైరెండేళ్ళ బొగ్గు.
పోర్టులో లారీలు తూచే కాటా నాది.
లారీ ఎక్కుతుంది, అంకె పడుతుంది, లారీ దిగుతుంది.
సాయంత్రానికి జేబురుమాలు నల్లబడుతుంది.

మెట్లు అయిపోయాక
దారి అనేది ఒక అభిప్రాయం.
భానోజీది ఒకటి, హైమది ఇంకొకటి.
మోకాళ్ళ దాకా గడ్డి, రాగి రంగుకి తిరుగుతూ.
తంగేడు పూసింది. యార్డులో మాకిచ్చే పచ్చ జాకెట్టు
ఎవర్ని చూసి కాపీ కొట్టిందో అప్పుడు తెలిసింది.
పై వంపులో, ఆ పెద్దగాలి ఏడాది
నడుం విరిగిన చెట్టొకటి
పడుకునే చిగురించింది, లేవాలని చూడకుండా.
దాని మీద కూచుని నీళ్ళు తాగాం.
నా మోకాలు ఏదో అంది.
విననట్టు నటించాను.

శిఖరం కాదది. వీపు. కొండ వీపు.
అటు పక్క ఊరు: క్రేన్లు, చిమ్నీలు,
వంతు కోసం లంగరేసుకుని నిలబడ్డ ఓడలు.
నా కాటా అక్కడెక్కడో ఉండాలి.
వేలు పెట్టి వెతికాను.
వేలి వెనక యార్డంతా దాగిపోయింది.
ఇటు పక్క, లోతుగా, ముడసర్లోవ.
సగం నీళ్ళు, సగం అద్దాలు.
కరెంటు పండించే పలకలు తేలుతున్నాయక్కడ.
ఒక నీటికాకి వాటి మీద రెక్కలు ఆరేసుకుంటోంది,
ప్రభుత్వం తనకోసమే వేయించిందన్న ధీమాతో.

దిగేటప్పుడు ఎదురైంది గంగులమ్మ.
తలమీద సీతాఫలాల గంప, నోట్లో అడ్డపొగ.
నిప్పు లోపలే ఉంచి మాట బయటికి వదిలింది:
"కట్టెలకా?"
కాదన్నాం.
"కాయలకా?"
కాదు.
"దేవుడికా?"
హైమ కొంచెం తడబడి, కాదంది.
"మరేటికమ్మా! ఒట్టి సేతుల్తో ఎక్కి
ఒట్టి సేతుల్తో దిగిపోడానికా?"

భానోజీ గడియారం చూపించాడు, పద్నాలుగు వేల అడుగులు.
"నాకు రోజూ అవే," అంది.
"లెక్కెట్టీవోలు నేరు గాని."

ఇన్నేళ్ళుగా తూకం వేసే మనిషిని,
నా దగ్గర ఒక్క అంకె లేదు, ఒక్క మాట లేదు.
చెరువు వైపు చూశాను, అదేమైనా అందిస్తుందేమోనని.
నీటికాకి అటు తిరిగి కూచుంది.

గంపలోంచి ఒక కాయ తీసి, నొక్కి చూసి,
నా చేతిలో పెట్టింది. రాయి.
"కన్ను ఇచ్చింది గాని పండనేదు.
బియ్యంలో ఎట్టు. మూడ్రోజులు కదపకు."
డబ్బులిస్తే తీసుకుంది.
చిల్లర నేదని ఇంకో కాయ వేసింది.

గట్టున కూచుని పులిహోర తిన్నాం.
ఎవరం పెద్దగా మాట్లాడలేదు.
తూనీగలు నీళ్ళ మీద సంతకాలు పెట్టి,
నచ్చక, మళ్ళీ పెట్టాయి.
హనుమంతవాక దాకా ఆటో.
అక్కణ్ణించి ఎవరి బస్సు వాళ్ళది.

సోమవారం ఎనభై మూడు లారీలు.
మంగళవారం తుపానన్నారు.
బుధవారం అది ఒడిశా వైపు పోయిందన్నారు.
ఆ రాత్రి బియ్యం కొలవబోతే
వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది.
మూత పూర్తిగా తీశాక
వంటింట్లో ఎండలో తడిసిన గడ్డి వాసన,
పడుకున్న చెట్టు వాసన,
కొంచెం అడ్డపొగ కూడానేమో.

విప్పాను.
ఒక్కో గింజా నున్నగా, బొగ్గంత నలుపు,
చేతికి అంటని నలుపు.
ముప్పై ఏడు.
లెక్కపెట్టానని ఆఖరి గింజ దగ్గర గమనించాను.

మోకాలు ఇంకా నొప్పే.
రెండో కాయ ఇంకా రాయే.
దాన్ని మళ్ళీ బియ్యంలోకి తోసి, మూత పెట్టి,
భానోజీకి ఫోన్ చేశాను:
వచ్చే ఆదివారం ఏమైనా ఉందా?

ప్రస్తుతానికి ఏమీ లేదు, అన్నాడు.