జరిమానా

విక్ రేవులో హెర్రింగ్ చేపలు లేవిప్పుడు.
గాలి మాత్రం ఉంది. మా లైబ్రరీ తలుపు అదే తీస్తుంది.

మంగళవారాలు ఇష్బెల్ తను చదివినవి చెబుతుంది
టీ చల్లారిపోయేదాకా:
"ఇది వద్దు, కుక్క చచ్చిపోతుంది.
ఇది తీసుకో, మూడో అధ్యాయం దాకా ఓపిక పట్టు."

మాగ్నస్ స్వాన్సన్ పుస్తకాల కోసం రాడు.
నాయనమ్మ కోసం వస్తాడు.
మైక్రోఫిల్మ్ చక్రం తిప్పీ తిప్పీ
పెళ్ళిళ్ళ రిజిస్టరులో పట్టాడు ఆమెను:
పంతొమ్మిది వందల పన్నెండు. చేపలు కోసే పని.
సంతకం చోట ఒక ఇంటూ గుర్తు.

"ఇంతేనా" అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు.

ఇష్బెల్ కింది గదిలోకి దిగి
పుస్తకాలిచ్చిన పాత పద్దు మోసుకొచ్చింది.
ఇరవై ఒకటి, నవంబరు.
బార్బరా స్వాన్సన్.
తడి తాడు మీద నడిచినట్టున్నాయి అక్షరాలు,
రెండో 'బి' బోర్లా పడింది,
అయినా పూర్తి పేరు.

ఏం పుస్తకం? తేనెటీగల పెంపకం.
ఈ ఊళ్ళో! ఈ గాలిలో!
తిరిగిచ్చిన తేదీ గడి ఖాళీ.

మాగ్నస్ చాలాసేపు ఆ ఖాళీనే చూశాడు.
తర్వాత జేబులు తడుముకుంటూ,
"ఎంతైంది జరిమానా?"

ఇష్బెల్ లెక్క వేయలేదు.
ఆరువందల ముప్ఫై ఎనిమిదో నంబరు అర వైపు వెళ్ళింది.
నేను ఇంకో కప్పు కడిగాను.