పదకొండు బొమ్మలు

చిత్తూరులో నీవా నది ఎండితే
మాకు కొలువు దొరికినట్టు.
ఇసకలో గుంజలు దిగ్గొట్టి, గోనెపట్టాలు కుట్టి
ఆర్కాటు రహంతుల్లా సాయబు డేరా లేపేవాడు,
జర్మనీ యుద్ధంలో బస్రా దాకా పోయి తెచ్చిన డబ్బుతో.
పగలు కోర్టు, రాత్రి కొట్టాయి అని నవ్వుకుంటా
ప్లీడరు గుమాస్తాలు దీపాలేళకు దిగొచ్చేవాళ్లు.

నేల అణా. బెంచీ రెండణాలు.
కుర్చీలు నాలుగే, వాటికి వెల లేదు:
ఒకటి సబిన్‌స్పెక్టరుది, ఒకటి శానిటరీ అయ్యది,
మిగతా రెండూ వాళ్ల టోపీలకి.

నాకు పదమూడేండ్లు. చక్రం తిప్పే కూలి నాది.
"గుండె కొట్టుకున్నట్టు తిప్పరా ఏకాంబరం" అనేవాడు సాయబు.
ఎవరి గుండె అని చెప్పలా.
కత్తియుద్ధమొస్తే చెయ్యి దానంతటదే ఉరికేది,
ఏడుపొస్తే మెల్లబడేది.

తెర పక్కన మోడా మీద తాయప్ప.
మాటల్లేని బొమ్మకు ఆయనే మాట.
నేలకు తెలుగు, బెంచీలకు అరవం,
వెనకాల ఈలలేసే కుర్రోళ్లకు ఉరుదూలో ఒక తిట్టు.
అక్షరం ముక్క రాదు తాయప్పకి.
తెర మీద ఇంగిలీషు రాత పడితే
కండ్లు చికిలించి, గొంతు సవరించుకొని,
"ఏం లేదు నాయనా, మామ ఒప్పుకోలేదంట" అనేవాడు.
ప్రతి రాతకీ ఒక మామ అడ్డం.

ఆ ఎండాకాలం బొంబాయి పటంలో ఒక పిల్ల.
పొడుగు జడ, చెవులకు లోలాకులు.
తొమ్మిదో చుట్టలో బావి గట్టెక్కి దూకేస్తుంది.
మూడో రాత్రి, ఆ గట్టు మీదే
పటం తెగింది.

చీకటి.
కుప్పమ్మ శెనక్కాయల తట్టలో బుడ్డి ఒకటే మినుకు.
"సాయబూ, అణా వాపసియ్యి!"
తెగిన కొసలు తడుముకుంటా ఉండా నేను,
అరటిపండు వాసనేసే జిగురు సీసా ఎక్కడో దొర్లిపోయింది.
అప్పుడొచ్చింది తాయప్ప గొంతు:

"దూకబోయింది. కొంగు గిలకకు చిక్కింది.
నీళ్లకొచ్చిన ఆడమనిషి ఎవురో, పేరు తెలీదు,
పట్టుకొని లాగింది.
'సచ్చేదానివి సంగటి తిని సావు' అనింది.
ఇద్దురూ గట్టు మీదే కూచ్చోని తిన్నారు.
ఊరుబిండితో."

బొంబాయి బావి కాడ రాగిసంగటి!
ఒక్కడూ నవ్వలా.

అతికించినాను. దీపం వెలిగింది.
పిల్ల గట్టెక్కింది, దూకింది,
నీళ్లు మూసుకున్నాయి.
నేలంతా లేచింది. "అబద్ధం! ఆపరా!"
పిడికిళ్ల కొద్దీ ఇసక తెర మీద పడింది.
సబిన్‌స్పెక్టరు లేచి, ఎవర్ని పట్టుకోవాలో తెలీక
టోపీ పెట్టుకొని మళ్లీ కూచున్నాడు.

ఆట వదిలినాక సోడాకొట్టు దగ్గర అదే తగువు.
గోలీ టక్కుమన్నప్పుడల్లా ఒక తీర్పు.
"చూసిందే సాక్ష్యం" అన్నాడొక గుమాస్తా.
"విన్నది మటుకు కాదా?" అన్నాడు జట్కా కాసిం.
కుప్పమ్మ తట్ట నెత్తికెత్తుకుంటా
"మా చెల్లికి గిలక లేని బావి దొరికింది" అనేసి
గిరింపేట దిక్కుగా పోయింది.

మర్నాటి నుంచి ఆ పటం
ప్రతి ఆటకీ అక్కడే తెగేది.
ఎట్ల తెగేదో సాయబు అడగలేదు, నేను చెప్పలేదు.
కూలిలో మటుకు రోజూ కాలణా కోత.
తాయప్ప పూటకో కూర మార్చేవాడు:
ఊరుబిండి, చింతాకు పప్పు,
ఒకసారి కుప్పమ్మ కూచున్న వైపు తిరిగి, బెల్లం ముక్క.

వానలకు నది కదిలింది, డేరా వేలూరికి పోయింది.
కొన్నేండ్లకు బొమ్మ మాట నేర్చుకొని వచ్చింది.
తాయప్ప అణా ఇచ్చి నేలలో కూచుని చూసి
"గొంతు బాగుండాది, ఎవుర్తో మాట్లాడతా ఉండాడో తెలీలా" అన్నాడు.

నా పొడుం డబ్బీలో ఆనాటివి పదకొండు బొమ్మలు.
దీపానికెత్తి చూస్తే పదకొండింటా గట్టు మీదే నిలబడి ఉండేది,
జడ వెంట్రుకవాసి కదల్తా.
ఇప్పుడన్నీ ఒకదానికొకటి అంటుకొని
పులిసిన తేనె వాసనేస్తాయి.
విడదీయబోతే పొడి.
మనవరాలు మూత తీసి, ఏందిది తాతా అనింది.
గొంతు సవరించుకున్నా.
"ఏం లేదు తల్లీ,
మామ ఒప్పుకోలేదంట."