పదిహేడో గ్లాసు

కాఖేతిలో, పిల్లలు తగ్గి మూతపడ్డ బడి భోజనాల గదిలో
ఐదుగురు తీర్పరులు, అరవై సీసాలు.
సీసాలకు గోనె ముసుగులు, మెడల్లో అంకెలు.
పోసేవాణ్ణి నేను.
ఇవాళ నాకు నోరు లేదు.

నిజానికి తెల్ల ద్రాక్షే.
తొక్కా గింజా తియ్యకుండా
మట్టిలో పాతిన క్వేవ్రి కడుపులో ఆర్నెల్లు ఉంచితే
ఇలా రంగు తిరిగింది.
ఒకటి ఎండిన బంతిరేకు, ఒకటి పలచటి టీ,
ఒకటి వానలో మర్చిపోయిన మేకు.

"మసగ్గా ఉంది" అంటాడు నోదారి ప్రతిదానికీ,
కళ్ళజోడు తుడుచుకోకుండానే.
గ్రాజ్ నుంచి వచ్చిన లీన్‌హార్ట్
మైనం, అక్రోటు, ఎండు ఆప్రికాట్ అని రాసుకుపోయి
చిగుళ్ళని పట్టుకు వదలని ఆ ఆఖరుదానికి మాట దొరక్క
పెన్ను కొరుకుతున్నాడు.
దానిమ్మ తొక్క నమిలిన ఏ పిల్లాణ్ణడిగినా చెప్తాడు.
వగరు.

పదిహేడు.

బల్ల చివర మా అమ్మమ్మ ఝుఝునా.
సీసా మనదేనని ఆమెకు చెప్పలేదు,
నా పేరు మీద ఇచ్చాను.
కిందటేడు ఆమె మోకాళ్ళు క్వేవ్రిలోకి దిగమన్నాయి.
చెర్రీ బెరడు కుంచె నా చేతికిచ్చి
మూతి దగ్గర బోర్లా పడుకుని చెవి పెట్టింది.
గీకుడు చప్పుణ్ణి బట్టి శుభ్రం చెప్పే మనిషి.
కిందికి వెళ్ళేకొద్దీ చలి. చేతులు కొంకర్లు పోయాయి.
గొంతెత్తి పాట అందుకున్నాను,
గీకని చప్పుడు వినపడకుండా.

గ్లాసు తిప్పింది. వాసన చూసింది.
ఎలుక కంపు ముక్కుకి చిక్కదు,
ఉమ్మేశాక, నోటి తడిలో కలిసి
పిలవని చుట్టంలా తీరిగ్గా వస్తుంది.
అందుకే ఉమ్మి, ఆగుతారు.

గదిలో హీటరు కటకట.
బయట ఎవరో పారతో మంచు తీస్తున్నారు.
"బానే ఉంది, తర్వాతది పొయ్యి" అన్నాడు నోదారి.
అమ్మమ్మ వేలెత్తింది. ఉండు.

ఇరవై లెక్కపెట్టాను. ముప్పై.
నా నోట్లో ఏమీ లేదు, అయినా మింగాను.
నలభై దగ్గర ఆమె పై పెదవి కదిలింది,
పాత గాదె తలుపు తీసి
వెంటనే మూసినట్టు.

కాగితాలు పోగు చేసేవాణ్ణీ నేనే.
ఇరవైకి పదకొండు.
పక్క గడిలో, చిన్నప్పుడు నాకు దిద్దించిన అక్షరాల్లో:
"పాట బావుంది. అడుగు కడగలేదు."

తలెత్తి చూశాను.
అప్పటికే ఆమె కిటికీ వైపు తిరిగి
ఖాళీ గ్లాసు నాకేసి చాపింది,
పద్దెనిమిది కోసం.