మూడు లెక్కపెట్టేదాకా

ఇరవై ఆరేళ్లుగా నా పని
తరగతి వెనక నిలబడి తప్పులు రాసుకోవడం.
పాఠం పుస్తకంలో ఎర్రసంతకం, దాని పైన
"ఇంకా మెరుగుపడాలి" అని ఒక ముక్క.
ఏది, ఎలా అని ఎవరూ అడగలేదు.
అడిగితే ఏం చెప్పేవాణ్నో నాకూ తెలీదు.

జూన్ ఉక్కలో సీతమ్మధారలో శిక్షణ.
నలభైమంది హెడ్మాస్టర్లం,
టీ చల్లారకముందే లేపేసి
కుర్చీలు ఎదురెదురుగా వేయించింది హైమ,
మా అమ్మాయికన్నా చిన్నది.
"మీరు టీచరు. మీరు హెడ్మాస్టరు.
రెండే నిమిషాలు, ఒకే ఒక్క సంగతి.
చెప్పి వదిలేయకండి సార్, చేయించండి."

మల్కాపురం అప్పలకొండగారు టీచరయ్యారు.
నేను గొంతు సవరించుకుని
విద్యాహక్కు దగ్గర మొదలెట్టాను.
"ఆగండి సార్. మళ్లీ."
క్రమశిక్షణ మీదుగా వచ్చాను.
"మళ్లీ."
ఏడోసారికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది,
అప్పలకొండగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు.
రిటైర్మెంటుకి మూడేళ్లున్నవాణ్ని
ఒక్క వాక్యం పలకడం నేర్చుకుంటున్నాను.

మా నాన్న హార్బర్లో టగ్గు మీద కలాసీ.
ఓడని గుద్దకూడదురా,
ఆనుకోవాలి, అనేవాడు.
ఆ మాట ఆ మధ్యాహ్నం ఎందుకో గుర్తొచ్చింది.

జ్ఞానాపురంలో మా బడి.
కిటికీ గట్టు మీద పొద్దున తుడిచిన ధూళి
సాయంత్రానికి మళ్లీ నల్లగా.
ఏడో తరగతి, నూకరత్నం లెక్కలు.
"మూడోవంతు పెద్దదా, నాలుగోవంతా?"
అడిగిన నోటితోనే జవాబూ చెప్పేస్తుంది.
తరగతంతా "మూ...డో వంతూ" అని సాగదీస్తుంది.
వెనకబెంచీలో పైడిరాజు ఎత్తబోయిన చెయ్యి
సగంలో తల గోక్కోవడంగా మారిపోతుంది.

బెల్లయ్యాక, ఖాళీ గదిలో,
వాడి బెంచీలో ఇరుక్కుని కూచున్నాను.
మోకాళ్లు పట్టలేదు.
"అమ్మా, అడిగాక లోపల మూడు లెక్కపెట్టు.
ఇప్పుడే చేద్దాం, నేనే పిల్లాణ్ని."
అడిగింది. ఒకటి దాటకుండానే పెదవులు కదిలాయి.
మళ్లీ. రెండు.
మళ్లీ. పోర్టులో సైరన్ కూసింది.
అయిదోసారికి మూడూ నిండాయి.

"ఎలా అనిపించింది? భయమేసిందా?
తరగతి చేజారిపోతుందనే కదా?"
నూకరత్నం నవ్వింది:
"సార్, మీరూ లెక్కపెట్టలేదు."

అప్పుడు నోరు మూసుకున్నాను.
ఒకటి. రెండు. మూడు.
ఖనిజం బండి ఒకటి
పెట్టె తరవాత పెట్టెగా వెళ్తూనే ఉంది.
"మా చిన్నప్పుడు మేస్టారు ఒకాయన,
జవాబు రాకపోతే బెత్తం తీసేవాడు.
గది నిశ్శబ్దమైతే
ఇప్పటికీ అరచెయ్యి మండుతుంది సార్."

ఆరేళ్లుగా ఆమె పుస్తకంలో సంతకం పెడుతున్నాను.
ఈ మాట ఏ గడిలో ఉంది?

మర్నాడు రెండో పీరియడు.
వెనక నిలబడ్డాను. ఆమె అడిగింది.
ఫ్యాను కిర్రుమంది. ఎవరో పెన్సిలు పడేశారు.
ఆమె చెయ్యి చీరకుచ్చిళ్లని పట్టుకుంది గానీ
పెదవులు కదల్లేదు.
పైడిరాజు చెయ్యి ఈసారి తల దాటి పైకి లేచింది.
"నాలుగోవంతే పెద్దది టీచరూ!
మూడు కన్నా నాలుగు పెద్దది గదేటి?"

తప్పు.
నా నాలుక చివర దురద పుట్టింది.
నూకరత్నం సుద్దముక్క చాపింది:
"ఏదీ, గీసి చూపించు."

వాడు బోర్డు మీద రొట్టెలాంటిదేదో గీస్తున్నాడు,
గీత వంకరగా పోతోంది.
ఎర్రకలానికి మూత పెట్టాను.
ఒకటి.